నోటీసు అందుకున్న చెయ్యి

"ఆ బకెట్టు ముట్టుకోకండి!"

కోడలు వంటింట్లోంచి పెట్టిన కేకకి కండక్టరు అదిరిపడ్డాడు. అప్పటికే చెంబు ముంచేశాడు. ముంచిన చెంబులో నీళ్ళు పోసుకోవాలో, తిరిగి బకెట్లో పోసేయాలో తెలియక, నోటి నిండా నురుగుతో పెరట్లో నిలబడిపోయాడు.

"మొహం కడుక్కోవద్దా ఏమిటి?"

"అవి పిల్ల నీళ్ళు. మీవి ఆ గిన్నెలో పెట్టాను."

"ఆ గిన్నెలో నీళ్ళతో నా మీసం కూడా తడవదు."

"అయితే మీసం తీసేయండి."

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరూ నవ్వలేదు. కుళాయి ఎండిపోయి ఇది మూడో రోజు. సోమవారం పొద్దున్నే మునిసిపాలిటీ మనుషులొచ్చి, వీధి గొట్టం దగ్గర వాల్వు కట్టేసి, తీగ చుట్టి, సీసం బిళ్ళతో సీలు వేసి వెళ్ళిపోయారు. మిద్దె మీద అనుమతి లేకుండా గది కట్టారట, అందుకట. పక్కింటావిడ దయతలిచి పొద్దున రెండు బకెట్లు, సాయంత్రం రెండు బకెట్లు ఇస్తోంది. నిన్న సాయంత్రం ఇస్తున్నప్పుడు ఆవిడ మొహంలో దయ కొంచెం తగ్గినట్టు కోడలికి అనిపించింది.

రేపు పొద్దున పదింటికి దత్తత మేడమ్ వస్తుంది. ఇది ఆఖరి తనిఖీ. ఎనిమిది నెలల క్రితం శిశుగృహం నుంచి తెచ్చుకున్న పిల్ల ఇకమీదట ఈ ఇంటి పిల్ల అవుతుందా, మళ్ళీ శిశుగృహానికే పోతుందా అన్నది రేపు ఆవిడ రాసే నాలుగు ముక్కల మీద ఉంది. పోయినసారి వచ్చినప్పుడు ఆవిడ ఒక్కొక్క కుళాయీ తిప్పి చూసింది. స్విచ్చులు నొక్కింది. కిటికీ గడియలు లాగింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన మనిషిలా కాదు, ఇల్లు కొనడానికి వచ్చిన మనిషిలా చూసింది.

"నాన్నా, నీ దగ్గర ఆ వాల్వు తిప్పే తాళం ఉంది కదా?" అన్నాడు కండక్టరు నురుగు ఉమ్మేసి.

హాల్లో నేల మీద కూర్చుని మనవరాలికి గంజి తినిపిస్తున్న మేస్త్రి తలెత్తలేదు. మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రెండు నెలల కిందటే దిగిపోయిన మనిషి. పిల్ల వచ్చాక దిగిపోయేదాకా రాత్రి డ్యూటీలే వేయించుకుని, పగలంతా ఇంట్లోనే ఉన్నాడు. ఊళ్ళో సగం మంది ఆయన్ని ఇప్పటికీ కుళాయి మేస్త్రి అనే పిలుస్తారు.

"ఊరందరి కుళాయిలూ తిప్పావు. సొంతింటి కుళాయి ఒక్కటి తిప్పలేవా?"

"తిప్పడానికి రెండు నిమిషాలు పడుతుందిరా. సీలు తెగిందని వాళ్ళకి తెలియడానికి ఇంకో గంట. ఆ తర్వాత వచ్చేది పోలీసు. రేపు ఆవిడొచ్చేసరికి మన హాల్లో పోలీసు కూర్చుని ఉంటే బాగుంటుందా?"

"పోనీ గది పడగొట్టేద్దాం."

"పడగొట్టి మావయ్యగార్ని ఎక్కడ పడుకోబెడతారు?" అంది కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి. "పిల్లకి కిటికీ ఉన్న గది విడిగా ఉండాలన్నది ఆవిడే కదా? అందుకే కదా కింద గది పిల్లకిచ్చి, మావయ్యగారు పైకి పోయింది? ట్యాంకు కూడా తీయించి ఆ చోటే గది కట్టాం. ఇప్పుడు అద్దెకి నీళ్ళ బండి తెచ్చినా పోసుకోవడానికి చోటు లేదు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"నాకు తెలిస్తే చెయ్యనా?"

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుచుకునే ఆ పిల్ల గంజి గిన్నెలోకి చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తాత చొక్కాకి తుడిచింది. ఆ చొక్కా ఉతకడానికి నీళ్ళు లేవని ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. కండక్టరు ఎండిన మొహంతోనే సంచీ భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. దూరపు సర్వీసు, రేపు తెల్లవారితే గానీ తిరిగి రాడు. సెలవడిగితే ఇవ్వలేదు.

*

మునిసిపల్ ఆఫీసు మెట్ల కింద పాత టైపు మిషను పెట్టుకుని ఒకావిడ కూర్చుంటుంది. అర్జీలావిడ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. లాయరు చదువు రెండో ఏడు ఆపేసిందని కొందరంటారు, పూర్తిచేసి కూడా నల్లకోటు వేసుకోవడం ఇష్టం లేక వచ్చేసిందని కొందరంటారు. ఆవిడని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనికి ఆ పూట సెలవు పెట్టి, తొమ్మిదింటికే ఆవిడ ముందు నిలబడింది.

"కూర్చో అమ్మాయ్. ఏడవకు. ఏడిస్తే కాగితం తడుస్తుంది. నిన్న నువ్వు చెప్పి వెళ్ళగానే మీ ఫైలు నకలు అడిగి తీయించాను. ముందు చట్టం చెబుతా, విను."

"చెప్పండి పిన్నిగారూ."

"గదికీ నీళ్ళకీ సంబంధం లేదు. గది తప్పయితే గది మీద కేసు పెట్టుకోవాలి గానీ, అందుకని తాగే నీళ్ళు కట్టకూడదు. నీళ్ళకి సంబంధించిన తప్పుకే నీళ్ళు కట్టాలి. అది మొదటిది."

కోడలి మొహం వెలిగింది. "అయితే వదిలేస్తారా?"

"ఆ మాట కోర్టుకి వెళ్ళి చెప్పాలి. వాళ్ళు వినేసరికి మీ పిల్ల బడికి పోతుంది."

వెలిగిన మొహం ఆరిపోయింది.

"రెండోది చూడు. నీళ్ళు కట్టేముందు నోటీసివ్వాలి. తలుపుకి అంటించి పోతే చెల్లదు. ఆ ఇంట్లో నివసించే వయసొచ్చిన మనిషి చేతికి అందాలి, ఆ మనిషి సంతకం పెట్టాలి. అక్కణ్ణించి పదిహేను రోజులు ఆగాలి. మీరేమన్నా చెప్పుకుంటే వినాలి. ఇందులో ఏది తప్పినా, కట్టిన నీళ్ళు ఆ రోజే వదలాలి. కోర్టక్కర్లేదు. పైన కూర్చున్న ఇంజనీరే వదిలించాలి."

"మాకు నోటీసే రాలేదు పిన్నిగారూ! సోమవారం వాళ్ళొచ్చేదాకా మాకేమీ తెలీదు."

"వచ్చిందని ఫైల్లో ఉంది. ఇదిగో రసీదు. రెండు నెలల కిందటిది. సంతకం ఎవరిది?"

కోడలు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. పేరేమీ లేదు. ఒక పొడుగు గీత, చివర కొక్కెం, కింద రెండు చుక్కలు.

"ఇది నాది కాదు. ఆయనదీ కాదు. ఆయన పేరంతా రాస్తారు."

"ఒట్టు?"

"పిల్ల మీద ఒట్టు."

అర్జీలావిడ మూడేళ్ళకొకసారి నవ్వే మనిషి. ఇవాళ నవ్వింది. "అయితే సాయంత్రానికి మీ కుళాయిలో నీళ్ళొస్తాయి. మీ మామగారి సంతకం నమూనా కూడా ఒకటి తీసుకురా. ముగ్గురిదీ కాదని చూపించామంటే ఆ ఇంజనీరు నోరెత్తడు. మూడింటికల్లా వచ్చెయ్."

కోడలు ఇంటికి నడుచుకుంటూ వెళ్ళలేదు, పరుగెత్తినంత పని చేసింది. దారిలో పక్కింటావిడ ఎదురైతే, "ఇంక సాయంత్రం నుంచి మీకు శ్రమ ఉండదండీ" అని కూడా చెప్పేసింది.

*

"మావయ్యగారూ, గెలిచేశాం!"

మేస్త్రి పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తున్నాడు. ఒక గ్లాసు నీళ్ళతో పిల్లకి స్నానమంతా ఎలా చేయించాలో మూడు రోజుల్లో నేర్చేసుకున్నాడు.

"నోటీసు మనకిచ్చినట్టు దొంగ సంతకం పెట్టారు. చూడండి ఇది. ఎవడో వెధవ ఒక గీత గీసి పారేశాడు. వాడి చెయ్యి పడిపోను!"

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితం అందుకున్నాడు. చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో ఇంకోసారి చూశాడు. ఆ కాగితం తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

"మీ సంతకం ఒకటి కావాలట. ఈ తెల్లకాగితం మీద పెట్టండి."

ఆయన పెట్టలేదు.

"ఏమయింది మావయ్యగారూ?"

"ఈ గీత నాదేనమ్మా."

కోడలికి అర్థం కాలేదు. పిల్ల ఒక్కతే ఏదో గొణుక్కుంటోంది.

"నోటీసులివ్వాలంటే ఇంటింటికీ తిరగాలి. నాలుగిళ్ళలో మూడు తాళాలేసుంటాయి. రెండోసారి వెళ్ళాలి, మూడోసారి వెళ్ళాలి. అందుకని పంపుహౌసులో కూర్చుని రసీదుల మీద మేమే గీసేసేవాళ్ళం. నాకు ముందున్న మేస్త్రీ అలాగే చేశాడు. నాకు నేర్పింది ఆయనే."

"అంటే... ఊళ్ళో అందరివీ?"

"కానీ చెప్పకుండా ఎవరి నీళ్ళూ కట్టలేదు తల్లీ! సంతకం నాదే అయినా, సాయంత్రం సైకిలేసుకుని వెళ్ళి, ఫలానా రోజు కట్టేస్తారు, చూసుకోండని ప్రతి ఇంటికీ చెప్పేవాణ్ణి. ఆ ఆఖరి వారం ఒక్కటే చెప్పలేదు. దిగిపోతున్నానని సన్మానమన్నారు, ఫోటోలన్నారు. ఆ గొడవలో రసీదుల కట్ట తెచ్చి ముందు పెడితే అన్నిటి మీదా గీసేశాను. ఇళ్ళకి కొత్త నంబర్లేశారు కదా, అన్నీ ఆ నంబర్లే ఉన్నాయి. మన ఇల్లు కూడా అందులో ఉందని నాకు తెలీదు."

"మీకు తెలీదా?" కోడలి గొంతు లేచింది. "ముప్ఫై నాలుగేళ్ళు ఈ ఊరి గొట్టాలన్నీ తెలుసు, మన ఇంటి నంబరు మాత్రం తెలీదు! ఇంకెవరిదో ఇల్లయితే ఫరవాలేదా? ఆ ఇళ్ళలో పిల్లలు లేరా?"

ఆయన తడిగుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"నేను దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. చెయ్యి పడిపోవాలని తిట్టాను!"

"తిట్టావులే. వింటూనే ఉన్నాను."

ఆమె గోడకి ఆనుకుని కూలబడింది. కోపంతోనే ఉంది, కానీ ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. ఎదురుగా ఉన్న మనిషి ఎనిమిది నెలలుగా తన పిల్లకి అన్నం పెట్టి, ఉయ్యాలూపి, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగిన మనిషి. తను, భర్త పనులకి పోగలుగుతున్నారంటే ఈయన వల్లే. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా ఏడుపొచ్చింది.

"ఒక పని చేద్దాం," అంది కళ్ళు తుడుచుకుని. "మనలో ఎవరిదీ కాదందాం. ఎవరిదో మనకెందుకు?"

"ఆ కొక్కెం ఎవరిదో పంపుహౌసులో గోడలకి కూడా తెలుసమ్మా. ఇంజనీరు నా చేతికింద పని నేర్చుకున్నవాడే. చూడగానే పట్టేస్తాడు." ఆయన పిల్లకి గౌను తొడిగాడు. "నేనే వస్తాను. నోటీసు ఎవరికీ ఇవ్వలేదు, నేనే గీశానని రాసిస్తాను. అప్పుడు నోటీసు అందనట్టే కదా? నీళ్ళు వదలాలి కదా?"

"మిమ్మల్ని జైల్లో పెడితే?"

"పెట్టనీ. రేపు దీన్ని తీసుకెళ్ళిపోతే, నేను బయట ఉండి మాత్రం ఏం చెయ్యను?"

*

ఇంజనీరు గది గుమ్మంలో వాళ్ళు అడుగుపెట్టేసరికి మూడున్నర. పిల్లని వదిలిపెట్టడానికి ఎవరూ లేరు గనక మేస్త్రి భుజాన వేసుకునే వచ్చాడు. వెనకాల టైపు మిషను చంకన పెట్టుకుని అర్జీలావిడ. ఆవిడ అలా మిషనుతో సహా మెట్లెక్కి రావడం ఆఫీసులో ఎవరూ చూడలేదు. అటెండరు బెంచీ ఖాళీ చేసి ఇచ్చాడు.

ఇంజనీరు మేస్త్రిని చూసి లేచి నిలబడ్డాడు. "మీరెందుకొచ్చారు మేస్త్రిగారూ? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా."

"కబురు పెట్టేవాణ్ణే. నీళ్ళు లేని ఇంటికి నిన్ను పిలిచి కాఫీ ఎలా ఇవ్వను?"

ఇంజనీరు నవ్వబోయి మానేశాడు. మేస్త్రి రాసిన కాగితం అందుకుని నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు.

"ఇదెందుకు రాశారు?"

"నిజం గనక."

"ఇది పైకి పంపిస్తే మీరేమవుతారో తెలుసా?"

"తెలుసులే. నీళ్ళ సంగతి చెప్పు."

ఇంజనీరు అర్జీలావిడ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే ఫైలు నకలు బల్ల మీద పరిచింది. "నోటీసు ఆ ఇంట్లో ఎవరికీ అందలేదు. ఇచ్చినవాడే ఒప్పుకుంటున్నాడు. నిబంధన ప్రకారం ఇవాళే వదలాలి. అవునా, కాదా?"

ఇంజనీరు చొక్కా జేబులోంచి కలం తీసి, దాంతో ఏమీ రాయకుండా, మూత తీసి మళ్ళీ పెట్టాడు. చెప్పడం ఇష్టం లేని మాట చెప్పబోతున్నాడని చూస్తేనే తెలిసిపోతోంది.

"మేస్త్రిగారూ, మీరెక్కడుంటున్నారు?"

"ఎక్కడుంటానేమిటి? కొడుకు దగ్గర."

"ఆ ఇంట్లోనేనా?"

"ఆ ఇంట్లోనే."

"నిబంధనలో ఏముంది? ఆ ఇంట్లో నివసించే వయసొచ్చిన మనిషి చేతికి నోటీసు అందాలి, ఆ మనిషి సంతకం పెట్టాలి. అంతేగా?" అతని గొంతు తగ్గిపోయింది. "నోటీసు మీ చేతికొచ్చింది. సంతకం మీరు పెట్టారు. మీరు ఆ ఇంట్లో ఉంటున్నారు. ఎవరిదో దొంగ సంతకమైతే నేను ఈ క్షణమే వదిలించేవాణ్ణి. మీదేనని మీరే రాసిచ్చారు. ఇంతకంటే బాగా అందిన నోటీసు ఈ ఊళ్ళో ఇంకోటి లేదు."

అర్జీలావిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడం చూసి కోడలు బల్ల దగ్గరికి జరిగింది.

"బాబూ, రేపు పదింటికి ఆవిడొస్తుంది," అంది. "కుళాయి తిప్పి చూస్తుంది. ఒక్కరోజు, ఒక్క పూట వదలండి. ఆవిడ వెళ్ళాక మళ్ళీ కట్టేసుకోండి."

"నా చేతిలో లేదమ్మా. సీలు నాది కాదు, పైవాళ్ళది. కారణం రాయకుండా తెంపితే నా ఉద్యోగం పోతుంది. నాకూ ఇద్దరు పిల్లలు."

ఆ మాట అతను సాకుగా అనలేదు. అది కోడలికీ తెలిసింది. తిట్టడానికి కూడా ఎవరూ దొరకని రోజు అది.

మేస్త్రి పిల్లని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "నేను ఆ ఇంట్లో లేను. పైగదిలో ఉంటున్నాను. ఆ గదికి అనుమతి లేదని మీరేగా రాశారు? మీ కాగితాల్లో లేని గదిలో ఉండేవాడు ఆ ఇంట్లో ఉన్నట్టు ఎలా అవుతుంది?"

"గది లేదని రాయలేదు మేస్త్రిగారూ. అనుమతి లేదని రాశాం."

"సరే. అయితే ఇవాళ్టి నుంచి అక్కడ కూడా ఉండను. రెండు నెలల కిందట కూడా లేనని రాసుకో. ఆ ఇంటికీ నాకూ సంబంధం లేదు. అప్పుడు నోటీసు ఎవరో దారినపోయేవాడు పుచ్చుకున్నట్టే కదా?"

"మావయ్యగారూ!"

"నువ్వూరుకో అమ్మా."

ఇంజనీరు గడియారం చూశాడు. నాలుగు దాటింది. "నోటీసు నాటికే ఆయన ఆ ఇంట్లో నివసించడం లేదని కోడలుగారు రాసి సంతకం పెట్టి ఇస్తే, నోటీసు చెల్లనట్టే. ఆ కాగితం చేతిలో ఉంటే నేను వదిలించగలను. నా లైన్‌మన్ నాలుగున్నరకి దిగిపోతాడు. ఈలోగా కావాలి."

అర్జీలావిడ మిషనులోకి కాగితం ఎక్కించింది. తేదీ కొట్టింది. 'నా మామగారు మాతో' అని కొట్టి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అమ్మాయ్, ఆ పిల్ల దత్తత కాగితాల్లో ఇంట్లో ఎవరెవరుంటారని రాశారు?"

కోడలు మామగారి భుజం మీదున్న పిల్ల వైపు చూసింది.

"చెప్పు."

"ముగ్గురం పెద్దవాళ్ళమని."

"ఇంకా?"

"నేనూ ఆయనా పనులకి వెళ్తాం గనక... పగలంతా పిల్లని చూసుకునేది మామగారేనని. ఇంట్లోనే ఉంటారని. అందుకే ఒప్పుకున్నారు పిన్నిగారూ. అది లేకపోతే పిల్లని ఇచ్చేవాళ్ళే కాదు."

అర్జీలావిడ చేతులు మిషను మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది కొడితే ఇవాళ నీళ్ళొస్తాయి. రేపు ఆవిడ ఇంటికి నీళ్ళున్నట్టు మునిసిపాలిటీ కాగితం అడుగుతుంది. దాని వెనకే ఇది కుట్టి ఉంటుంది."

ఇంజనీరు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆవిడ అన్ని కాగితాలూ చదవదులే," అన్నాడు మేస్త్రి. "ఉండడం లేదని కొట్టించమ్మా. నేను ఎక్కడో ఒకచోట ఉంటాను. పగలు ఎవరూ చూడకుండా వచ్చి చూసుకుంటాను. టైమైపోతోంది, సంతకం పెట్టు. ఇదిగో, దీన్ని ఎత్తుకో."

పిల్లని అందివ్వబోయాడు. పిచ్చుక నిద్రలోనే ఆయన చొక్కా కాలరు గట్టిగా పట్టుకుంది. ఒక వేలు విడదీస్తే ఇంకో వేలు ముడుచుకుంటోంది. ఆ చిన్న పిడికిలి విప్పడం ముప్ఫై నాలుగేళ్ళు వాల్వులు విప్పిన మనిషికి చేతకాలేదు. ఆయన ఏడుస్తున్నాడని కోడలు అప్పుడు చూసింది.

గుమ్మంలో లైన్‌మన్ సైకిలు తాళం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "సార్, నేను వెళ్ళొచ్చా?"

ఇంజనీరు బదులు అర్జీలావిడ జవాబిచ్చింది.

"ఒక్క నిమిషం ఆగు నాయనా." ఆవిడ మళ్ళీ అక్షరాల మీద వేళ్ళు పెట్టి, కోడలి మొహంలోకి చూసింది. "'నా మామగారు మాతో' దాకా కొట్టానమ్మాయ్. తర్వాత ఏం కొట్టమంటావు?"